శుభాకాంక్షలతో... మీ షాపు

ఆర్మూర్‌ల పెర్కిట్ చౌరస్తా కాడ పసుపు బస్తాల ట్రాక్టర్ల వెనక ఇరుక్కుని తలెత్తితే ఒక ఫ్లెక్సీ.
గ్లవ్స్ తొడుక్కున్న బాక్సర్ నిఖత్ జరీన్. ‘మన ఇందూరు బిడ్డకు శుభాకాంక్షలు.’
పక్కనే, ఆమె కన్నా పెద్దగా, షాపు ఓనరు మొహం. కింద ఆఫర్లు!

నవ్వొచ్చింది. వెంటనే 2021 ఆగస్టు యాదికొచ్చింది.

టోక్యో ఒలింపిక్స్‌లో బ్యాడ్మింటన్ ప్లేయర్ పీవీ సింధు కాంస్యం గెలిచిందో లేదో, కంపెనీలు ఆమె పేరు, ఫోటో పెట్టి అభినందనల పోస్టులు దింపాయి. మూలకు లోగో మాత్రం భద్రం. అనుమతి లేకుండా వాడుకున్నారని, ఆమె వ్యవహారాలు చూసే బేస్‌లైన్ వెంచర్స్ సుమారు 20 బ్రాండ్ల మీద కదిలింది. ఒక్కోదాన్నీ 5 కోట్లు అడుగుతామంది.

‘అభినందిస్తే కూడా కేసా?’ అన్నోళ్లున్నారు. నాకైతే సింధు వైపే న్యాయం కనిపించింది. డబ్బు కట్టి ఒప్పందం చేసుకున్న స్పాన్సర్ పంక్తిలో ఊరికే వచ్చినోడూ కూర్చుంటే ఎట్లా?

స్పాన్సర్ పక్కన చేరడం కొత్తేం కాదు. 1996 క్రికెట్ వరల్డ్ కప్‌ల కోకా-కోలా అధికారిక పానీయం. పెప్సీ ఆ ‘అధికారికం’ మాటనే ఎగతాళి చేస్తూ ప్రకటనలు తీసి పేరు కొట్టేసింది. అది కొంటెతనం, ఒప్పుకుంటా. కానీ పెప్సీ క్రికెటర్లతో ఒప్పందం చేసుకునే ఆ ఆట ఆడింది.

మరి మన ఆర్మూర్ షాపాయన?
ఆయన్ని సింధు ఫోటో వాడుకున్న కంపెనీల గాటన కట్టబుద్ధి కాదు. అభిమానం కొంత, బేరం కొంత. (2022ల ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్ అయ్యేదాకా నిఖత్ ఫ్లెక్సీ ఇక్కడ నా కంటపడలేదు, అది వేరే ముచ్చట.)

కంపెనీకి తప్పైంది షాపుకు ఒప్పెట్లయితదంటారా? మీరేమంటరు?