గూబకు పెట్టిన పేర్లు

మేము అండమానుకు కాపురం వెళ్లిన నాడు ఆ ఊరి పేరు పోర్టుబ్లెయిరు. 2024లో శ్రీ విజయపురమైనది. అక్కడ మా అమ్మ మంచం పట్టిన రాత్రులలో పెరటి చెట్టుమీద ఒక గూబ కూసేది. సముద్రం దాటి వచ్చినా మా భయాలను ఆవలి ఒడ్డున విడిచి రాలేదు. "చావుపిట్ట నాయనా, తోలు" అనేది అమ్మ. నేను చీకటిలోకి రాళ్లు రువ్వేవాణ్ణి. ఆమె పోయిన తరువాత ఆ చెట్టునే కొట్టించినాను.

చాలా ఏళ్లకు, ఈ దీవుల పక్షులను గురించి చదువుతూ ఒక పేరు వద్ద ఆగిపోయినాను. అండమానులకే ప్రత్యేకమైన ఒక గూబను 1875లో హ్యూమ్ వర్ణించి, దానికి ఇక్కడి అధికారి, డేనిష్ జాతీయుడు అయిన డి రోప్‌స్టార్ఫ్ పేరు పెట్టినాడు. ఆ రోప్‌స్టార్ఫ్ మాటలు పోగుచేసిన మనిషి. నాన్‌కౌరీ భాషకు నిఘంటువు కూర్చినాడు. 1883లో కమోర్టాలో హత్యకు గురైనాడు. నిఘంటువు మరుసటి ఏడు, ఆయన భార్య చేతిమీదుగా వెలువడినది.

ఆయన మాతృభాషలో గూబను 'ఉగ్లె' అని వ్రాస్తారు. పలుకులో గకారం కరిగి 'ఊలె' అవుతుంది. స్వీడిష్‌లో 'ఉగ్లా', లాటిన్‌లో 'ఉలుల', సంస్కృతంలో 'ఉలూకం'. ఇవన్నీ కూతను అనుకరించి పుట్టిన మాటలేనంటారు. అందుచేత ఈ పోలికను చుట్టరికమని తొందరపడరాదు. పిట్ట చెప్పిన పేరునే వేర్వేరు చెవులు విన్నవి కాబోలు.

డేనులకు ఒక సామెత ఉన్నది: బాడవలో గూబలున్నవంటే, ఏదో మోసం జరుగుతున్నదని అర్థం. మొదట అక్కడున్నవి తోడేళ్లట. మాండలికంలో తోడేళ్ల మాట గూబల మాటను పోలి వినిపించగా, తోడేలు మీది అనుమానం గూబ నెత్తికెక్కినది.

నేను రువ్విన రాళ్లు గుర్తుకు వచ్చినవి. అవి పిట్టకు తగలలేదు. అది ఏ గూబో కూడా నేనెరుగను. నేను కొట్టినది ఒక మాటను. మన తెలుగువారే దానికి 'పైడికంటి' అనే పేరు కూడా పెట్టినారు గదా!

మొన్న రాత్రి మళ్లీ కూత వినవచ్చినది. "అదేమిటి తాతయ్యా?" అని మనుమరాలు నా చేయి పట్టుకొన్నది.

"పైడికంటి తల్లీ" అన్నాను. ఇద్దరం కిటికీ దగ్గరకు వెళ్లినాము.