కాళ్లు కడగని వేషం

పోయిన భాగంలో జాంబపురాణం ముచ్చట సగంలో ఆపాను. మిగతాది ఎప్పుడు రాస్తారని చాలామంది విద్యార్థులు అడుగుతున్నారు. రాస్తాను. దానికంటే ముందు ఒక వీడియో గేమ్ గురించి చెప్పాలి. ఆగండి, పక్కకు జరపకండి. నేను కూడా మొదట మీలాగే నవ్వాను.

మా అక్క కొడుకు హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాళ్ల నాయిన దుబాయ్ నుంచి పంపిన పైసలతో కొన్న సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ ఒకటి ఉంది వాడి దగ్గర. 2024 దసరా సెలవులకు మేడిపల్లి వచ్చినవాడు సద్దుల బతుకమ్మ నాడు కూడా ముఖం మాడ్చుకుని మూలకు కూర్చున్నాడు. ఏదో పిల్ల గొడవ అనుకుంది అక్క. "నీకైతే చెప్తడు, నువ్వన్న అడుగు" అని నన్ను తోలింది.

"ఏందిరా, ఏమైంది?"

"మొత్తం తుడిచిపెట్టిన్రు చిన్నమ్మా. మూడు గేములల్ల మేం చేసిందంతా తుడిచిపెట్టిన్రు."

సంగతి ఏమిటంటే, కెనడాలో ఎడ్మంటన్ అనే ఊళ్లో బయోవేర్ అని ఒక కంపెనీ ఉంది. డ్రాగన్ ఏజ్ అనే వరుస ఆటలు వాళ్లవే. మొదటిది 2009లో, రెండోది 2011లో, మూడోది 2014లో వచ్చాయి. నాలుగోది, ది వేల్‌గార్డ్, 2024 అక్టోబర్ 31న వస్తుందని అప్పటికి ప్రకటించి ఉన్నారు. వీటిని రోల్ ప్లేయింగ్ గేములు అంటారు. అంటే వేషం కట్టి ఆడే ఆట. నువ్వు ఎవరివో, ఏ జాతిలో పుట్టావో మొదలే ఎంచుకుంటావు. దారిలో ఎవరిని చంపాలి, ఎవరిని బతకనివ్వాలి, ఎవరిని గద్దె మీద కూర్చోబెట్టాలి అన్నది నీ ఇష్టం. మొదటి ఆటలో నువ్వు చేసిన పనికి మూడో ఆటలో ఫలితం కనిపిస్తుంది. అభిమానులు ఈ వరుసను పట్టుకుని వేలాడేది ఇందుకే. పాత నిర్ణయాలన్నీ రాసిపెట్టుకోవడానికి 2014లో కంపెనీయే ఒక వెబ్‌సైట్ పెట్టింది కూడా.

విడుదలకు ముందు ఇంటర్వ్యూల్లో డెవలపర్లు ఉన్న మాట చెప్పేశారు. కొత్త ఆటలోకి వచ్చే పాత నిర్ణయాలు మూడే మూడు, అవి కూడా మూడో ఆటలోవి. కథ ఉత్తరాది దేశాలకు జరిగింది, దక్షిణాన జరిగిన పాత సంగతులకు ఇక్కడ పెద్దగా పని లేదన్నది వాళ్ల వాదన సారాంశం. అభిమానులు భగ్గుమన్నారు. పదిహేనేళ్లు మోసుకొచ్చింది మూడు ముక్కలకు కుదిస్తారా అని కొందరు, ముందే కట్టిన డబ్బులు వాపసు తీసుకుంటామని కొందరు, కొత్తగా ఆడేవాళ్లకు ఇదే సుఖం కదా అని ఇంకొందరు.

వాడి ఫోన్‌లో ఒక గంట చదివాను. అక్కడ రెండు రకాల కోపాలు కలిసిపోయి కనిపించాయి. ఒకటి మావాడిది: ఉన్నదాన్ని ఎందుకు మరిచిపోయారు? రెండోది: లేనివాళ్లను ఎందుకు తెచ్చారు? ఆ ఆట డైరెక్టర్ ట్రాన్స్ మహిళ. పాత్రను తయారు చేసుకునేటప్పుడు ట్రాన్స్ మనుషుల శరీరాలకు కూడా చోటిచ్చారు. దాని మీద పడి ఏడ్చినవాళ్లు, ఆమెను నానా బూతులు తిట్టినవాళ్లు మామూలుగా లేరు. ఇద్దరూ "మా గేమ్" అనే అంటున్నారు. ఈ రెండో రకాన్ని మనం ఎరుగుదుం. బావి మాది, బడి మాది, గుడి మాది అన్న గొంతే అది, ఇంగ్లీషులో మాట్లాడుతోంది. వాళ్ల గురించి ఇంతకంటే రాయను.

మొదటి కోపం దగ్గరే నాకు కాలు ఆగింది. "దేన్ని తుడిచిన్రు రా, అసలు నువ్వేం చేసినవ్?" అని అడిగాను. వాడు ఆర్జమ్మార్ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. తంగేడు పువ్వు పేరుస్తున్న దాన్ని, చేతిలో ఉన్నది పక్కన పెట్టేశాను.

ఆర్జమ్మార్ మొదటి ఆటలో వచ్చే మరుగుజ్జుల రాజ్యం, భూమి అడుగున ఉంటుంది. అక్కడ కులాలున్నాయి. దొరలు, యోధులు, కమ్మరులు, వర్తకులు, కిందికి వచ్చేసరికి సేవకులు. వాళ్లందరి కింద "కులం లేనోళ్లు". పుట్టగానే బిడ్డ ముఖం మీద గుర్తు పొడుస్తారు, ఎవరైనా చూడగానే పోల్చాలని. ఉండేది దుమ్మువాడ. ఆయుధం పట్టకూడదు, కులవృత్తి ఏదీ చేయకూడదు. మిగిలింది అడుక్కోవడం, దొంగతనం. మరి దొంగలేంది అంటే, వాళ్ల తాతలు నేరస్తులు, రక్తంలోనే ఉంది అంటారు. ఊరి పెద్దల వంశాలన్నీ చెక్కిపెట్టే చరిత్ర భాండారం ఒకటుంది, దాని పేరు మెమరీస్. నేను దాన్ని స్మృతులు అనే అంటాను, ఇంతకంటే సరైన మాట నాకు దొరకదు. కులం లేనోళ్ల పేర్లు స్మృతుల్లో ఉండవు.

కులం లేనోళ్లు అన్న మాట దగ్గర కొంచెం ఆగుతాను. మన యూనివర్సిటీల్లో "నాకు కులం లేదండీ, నేను మనిషిని" అని గర్వంగా చెప్పుకునేవాళ్లు ఎవరో మీకు తెలుసు. వాళ్లకు కులం అక్కరలేదు, దాని పని అది ఎప్పుడో చేసి పెట్టింది. ఆర్జమ్మార్‌లో కులం లేదంటే ముఖం మీద పచ్చబొట్టు. అదే మాట ఒకచోట అలంకారం, ఒకచోట శిక్ష. పీహెచ్‌డీ చేసి ఇన్నేళ్లు పాఠం చెప్తున్నదాన్ని, ఈ తేడాను క్లాసులో ఇంత సులువుగా ఎప్పుడూ చెప్పలేకపోయాను.

ఆ వాడలో పుట్టిన మనిషిగా ఆట మొదలుపెట్టే వీలుంది. ఆరు పుట్టుకల్లో అదొకటి. తల్లి తాగి పడి ఉంటుంది. అక్క పేరు రీకా. అక్కడ కొడుక్కి తండ్రి కులం, బిడ్డకు తల్లి కులం వస్తుంది. అందుకని రీకాకు మంచి బట్టలు కట్టి, పాట నేర్పి, దొరల ఎదుటికి పంపుతారు. దొరకు మగపిల్లాణ్ణి కంటే ఆ పిల్లాడు దొర అవుతాడు, తల్లీ ఆమె ఇంటివాళ్లూ దుమ్మువాడ నుంచి బయటపడతారు. ఇది విన్నాక నాకు మా వైపు జోగినీలు గుర్తురాకుండా ఎట్లా ఉంటారు? ఆటలో రీకాకు కనీసం ఆ మెట్టు ఉంది. ఇక్కడ జోగినికి పుట్టిన బిడ్డ బడిలో చేరేటప్పుడు తండ్రి పేరు గడి దగ్గర కలం ఆగిపోతుంది. 1988లో చట్టం వచ్చింది. ఆ గడి మాత్రం చాలాకాలం అట్లాగే ఉంది.

కథ అక్కడ నుంచి ఎట్లా నడుస్తుందంటే, యోధుల పోటీలో దిగాల్సిన ఒకడు తాగి పడిపోతాడు. కులం లేని మనిషి వాడి కవచం తొడుక్కుని, ముఖం కనిపించకుండా పోటీకి దిగి అందరినీ ఓడిస్తాడు. శిరస్త్రాణం తీసేదాకా జేజేలు. తీశాక జైలు. (ఇక్కడ కర్ణుణ్ణి, ఏకలవ్యుణ్ణి తేవచ్చు. తేను. వాళ్లతో మీకు ఇప్పటికే విసుగొచ్చి ఉంటుంది.)

తర్వాత ఆ రాజ్యంలో గద్దె కోసం ఇద్దరు కొట్లాడుకుంటారు. హ్యారోమాంట్ పెద్దమనిషి. మాట మెత్తన, సంప్రదాయం తప్పడు. బెలెన్ సొంత అన్న చావుకు కారణమైనవాడు, ఎంతకైనా తెగిస్తాడు. ఎవరిని రాజును చేయాలో నువ్వే తేల్చాలి. మావాడు మొదటిసారి హ్యారోమాంట్‌ను కూర్చోబెట్టాడు, మంచోడు కదా అని. ఆట చివర ఏమైందో రాసి చూపిస్తారు. మంచోడు కులకట్టు ఇంకా బిగించాడు. బెలెన్‌ను కూర్చోబెడితే సభను రద్దు చేసి నియంత అవుతాడు, కానీ కులం లేనోళ్లకు ఆయుధం పట్టే అవకాశం ఇస్తాడు, కొన్ని కట్లు తెంపుతాడు. రీకాను ఉంచుకున్నది కూడా ఈ బెలెనే. అందరికీ నచ్చే జవాబు లేదు. ఇంత చిక్కుముడిని ఆటలో పెట్టినవాళ్లకు దండం పెట్టాలి.

"ఆ ఎండింగ్ చదివినంక నిద్ర పట్టలేదు చిన్నమ్మా. పాత సేవ్ తీసి మళ్ల ఆడిన. బెలెన్‌ను చేసిన. గిప్పుడు గది లెక్కల్నే లేదట."

వాడి మాడిన ముఖం వెనక ఉన్నది ఇది. నేను చదివినంతలో చాలామంది ఏడుపు వాళ్లు ప్రేమించిన పాత్రల గురించి, మోరిగన్ అనే మంత్రగత్తె కొడుకు గురించి. తప్పు పట్టను, ఎవరి ప్రేమ వాళ్లది. దుమ్మువాడ ఏమైంది అని అడిగినవాళ్లు ఆ గంటలో నాకు ఒకరిద్దరు తగిలారు, అంతే.

నేను ఇంకో ప్రశ్న వేశాను. "మరి నువ్వు ఆ కులం లేనోని పుట్టుక తీసుకున్నవా?"

"లేదు. మనుషులల్ల దొర కొడుకు."

"మూడుసార్లు ఆడిన అన్నవ్?"

"మూడుసార్లూ గదే."

"ఎందుకురా?"

వాడు నా వైపు చూశాడు, ఇదేం ప్రశ్న అన్నట్టు. "అది రోజూ ఆడేదే కద చిన్నమ్మా."

ఆ కంపెనీవాళ్లకు ఈ జవాబు ఎవరైనా పంపితే బాగుండు. దుమ్మువాడ పుట్టుకను గంటసేపు తొడుక్కుని చూసి కన్నీళ్లు పెట్టుకునే వెసులుబాటు ఎడ్మంటన్‌లోనో, బంజారాహిల్స్‌లోనో ఉన్నవాళ్లకు ఉంది. మావాడికి కావలసింది గుర్రం, కోట, ఎదురుపడితే లేచి నిలబడే మనుషులు. తప్పని ఎవరంటారు? నేను అనను. హైదరాబాద్‌లోనే ఓగర్ హెడ్ అనే చిన్న స్టూడియో 2017లో అసుర అని ఒక ఆట చేసింది. పగ తీర్చుకునే అసురుడు అందులో నాయకుడు. వాడికి దాని గురించి చెప్తే, ఆడిన, మంచిగుంది, కానీ అంతసేపూ కొట్లాటనే, నాకు కోట కావాలె అన్నాడు.

మా నాయిన మంచం మీద కూర్చుని ఇదంతా వింటున్నాడు. ఆయన ఏమీ అనలేదు గానీ నాకు ఆయన కథ గుర్తుకొచ్చింది. మా వైపు ఊళ్లలో చిరుతల రామాయణం ఆడతారని మీలో ఉత్తర తెలంగాణ వాళ్లకు చెప్పక్కర్లేదు. పంట పనులు తగ్గాక గురువును పెట్టుకుని నెలల తరబడి రాత్రుళ్లు నేర్చుకుంటారు. నాయిన వయసులో ఉన్నప్పుడు ఊరి జట్టు వాళ్లు ఆయన్ను వానరసేనలోకి తీసుకున్నారు. గొంతు బాగుంటుందని. మూతికి రంగు, తోక, గుంపులో ఒకడు. కానీ వెనక నిలబడి విని విని మొత్తం రామాయణం ఆయనకు నోటికి వచ్చేసింది. రాముడి వేషగాడు పాట మరిచినప్పుడల్లా వెనక నుంచి అందించేది నాయినే. మూడు ఊళ్లలో అట్లా నడిచింది. ఆయనకు అదే పెద్ద గొప్ప.

చివరి రోజు పట్టాభిషేకం. ఆ రోజు వేషాలు వేషాలతోనే ఊరేగుతాయి. ఇంటింటి ముందు ఆగితే ఆడవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి కాళ్లు కడిగి, బొట్టు పెట్టి మొక్కుతారు. రాముడికి కడిగారు, సీత వేషం కట్టిన మగవాడికి కడిగారు, రావణుడికి కూడా కడిగారు. వానరుల వరుసలో నాయిన పక్కన ఉన్నవాడి దాకా వచ్చిన చెంబు, నాయినను దాటి అవతలివాడి దగ్గరికి పోయింది. ఎవరూ ఏమీ అనలేదు, కసరలేదు, తోసేయలేదు. చెంబు దాటిపోయింది, అంతే. ముఖానికి రంగుంది, వెనక తోక ఉంది, కాళ్లు మాత్రం మా వాడ కాళ్లు. మరుసటి ఏడు ఆయన పోలేదు. రాముడి వేషగాడు రెండుసార్లు మనిషిని పంపాడట, పాట అందించడానికి రమ్మని.

ఇది ఏ స్మృతుల్లోనూ లేదు. ఊరి వాళ్లను అడిగితే, గప్పట్ల అందరం కలిసే ఆడినం అంటారు. అబద్ధం కూడా కాదు. నేను జాంబపురాణం మీద పని ఎందుకు చేశావని ఇంటర్వ్యూ బోర్డులో అడిగినప్పుడు ఏదో సిద్ధాంతం చెప్పాను. అసలు సంగతి ఇది. భూమి పుట్టకముందే జాంబవుడు ఉన్నాడని చిందోళ్లు గొంతెత్తి ఆడినప్పుడు, వాళ్లు ఎక్కడా చెక్కని మన స్మృతిని ఒంటి మీద మోసుకొస్తున్నారు. కథ ఉత్తరానికి జరిగింది, పాత సంగతులతో ఇప్పుడు పనేంటి, కొత్తగా మొదలుపెడదాం అని ఎవరన్నా మెత్తగా అన్నప్పుడు, ఆ మాట ఆట గురించైనా సరే, రిజర్వేషన్ల గురించైనా సరే, నాకు ఆ దాటిపోయిన చెంబు చప్పుడు వినపడుతుంది.

అయితే డెవలపర్లను దొరలను చేసి మాట్లాడడం కూడా నాకు ఒప్పదు. ఈ వరుసలో వారిక్ అనే పాత్రను రాసిన మేరీ కర్బీని ఆట విడుదలకు ఏడాది ముందే, 2023 ఆగస్టులో, మరికొందరితో పాటు కంపెనీ పని నుంచి తీసేసింది. 2025 జనవరిలో, ఆట ఆడినవాళ్లు సుమారు పదిహేను లక్షలేనని, అనుకున్నదాంట్లో దాదాపు సగమేనని యజమాని సంస్థ ఈఏ ప్రకటించింది. మళ్లీ ఉద్యోగాలు పోయాయి. అభిమానుల్లో కొందరు దాన్ని పండుగ చేసుకున్నారు. మావాడు చేసుకోలేదు. "రాసినోళ్లది కాదు కద చిన్నమ్మా, నడిపిచ్చినోళ్లది" అన్నాడు ఫోన్‌లో. అక్క చేతి కింద పెరిగినవాడు. పొద్దంతా బీడీలు చుడితే తట్టలో ఎన్ని పడతాయో, లెక్కల ఎన్ని కోసేస్తారో చూసినవాడు.

మొన్న ఉగాదికి వచ్చినప్పుడు నాయిన వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఆట మళ్లీ చెప్పమన్నాడు. ఆ దసరా ముచ్చట ఆయన మరిచిపోలేదన్నమాట. వాడు లాప్‌టాప్ తెచ్చి చూపించాడు. దుమ్మువాడ, కవచం, పోటీ, జైలు అన్నీ.

"మరి ఆఖరుకు గెలుస్తడా?"

"గెలుస్తడు తాతా. రాక్షసున్ని సంపినంక, కొన్ని ఎండింగులల్ల వాన్ని దేవుని లెక్క చేస్తరు. పారగాన్ అంటరు. ఎవలైతే వద్దన్నరో వాళ్లే మొక్కుతరు."

నాయిన కొద్దిసేపు స్క్రీన్ వైపు చూశాడు.

"కాళ్లు కడిగిన్రా?"

వాడు ఆలోచించాడు. "ఏమో తాతా, గది చూపియ్యరు. కింద అక్షరాలల్ల వస్తది గంతే."

"ఒకసారి చూడు మంచిగ" అన్నాడు నాయిన.

వాడు చార్జర్ పెట్టి ఆట కొత్తగా మొదలుపెట్టాడు. పుట్టుక ఎంచుకునే దగ్గర చాలాసేపు ఆగాడు. ఏది నొక్కాడో నేను చూడలేదు, అక్క పచ్చడికి మామిడికాయ తరగమని లోపలికి పిలిచింది.