ఉయ్యూరు అవతల ఒక డీజిల్ షెడ్డు

మేస్త్రీ గారి షెడ్డుకు మూడు వైపులే గోడలు. నాలుగో వైపు వీధిలోకి బార్లా తెరిచే ఉంటుంది. డీజిల్ బండి స్టార్ట్ చేసే చోట గాలి ఆడాలన్నది ఆయన పట్టుదల. ఆర్టీసీ గ్యారేజీలో పనిచేసిన రోజుల్లో పొగ పీల్చి పీల్చి దగ్గు పట్టుకున్న తోటివాళ్లను కళ్లారా చూశారు. డీజిల్ పొగ క్యాన్సర్ తెప్పిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లో తేల్చి చెప్పింది. అంతకు చాలా ముందే, ఇంటి పక్కన ఈ రేకుల షెడ్డు వేయించేటప్పుడు, నాలుగో గోడ వద్దన్నారాయన.

ఉయ్యూరు దాటాక బందరు రోడ్డు దిగి, కాలవ గట్టు పట్టుకుని కొంత దూరం పోతే ఆ ఊరు వస్తుంది. నేను వెళ్లింది షెడ్డులో ఉన్న 1987 మోడల్ డీజిల్ అంబాసిడర్ కోసం. మార్క్ 4 అంటారు దాన్ని. పాత కార్లకు మెరుగు పెట్టి పెళ్లిళ్లకు అద్దెకిచ్చేవాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు. పొలానికీ, ఆస్పత్రికీ, ఉయ్యూరు సంతకూ మామూలుగా వాడుకుంటూ, మరమ్మతులన్నీ ఇంట్లోనే చేసుకుంటున్నవాళ్లు తక్కువ. అలాంటివాళ్ల చేతిపని దగ్గరుండి చూడాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

"రండి బాబూ, మంచి టైముకొచ్చారు. ఎయిర్ తీస్తున్నాం" అన్నారు మేస్త్రీ గారు. తీస్తున్నది నిజానికి ఆయన కాదు, మనవరాలు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదువుతోంది. చున్నీ నడుముకు బిగించి, జడ ముడేసుకుని, బానెట్ కింద వంగి ఉంది.

డీజిల్ ఫిల్టర్ అప్పుడే మార్చారు. ఫిల్టర్ మారిస్తే లైన్లో గాలి చేరుతుంది, గాలి చేరితే బండి స్టార్ట్ కాదు. డీజిల్‌ను నొక్కితే అణగదు, గాలి అణుగుతుంది. పంపు ఎంత తోసినా మధ్యలో ఉన్న బుడగ నలిగి ఊరుకుంటుందే తప్ప, నాజిల్ తెరుచుకునేంత ఒత్తిడి పుట్టదు. ఆ అమ్మాయి ఒక సత్తు గిన్నె ఫిల్టర్ కింద పెట్టి, ఫీడ్ పంపుకున్న చిన్న లివర్‌ను వేళ్లతో కొట్టడం మొదలుపెట్టింది. లివర్ ఊరికే ఊగుతోంది, బిగువు లేదు.

"క్యామ్ ఎత్తు మీద ఆగింది తాతయ్యా."

"అయితే ఏం చెయ్యాలి?"

"టాప్ గేర్లో వేసి కాస్త తొయ్యాలి."

ముగ్గురం కలిసి ఒక్క తోపు తోశాం. ఇంజిన్ ఓ పిసరు తిరిగింది. ఈసారి లివర్‌కి బిగువొచ్చింది. ఫిల్టర్ మీది బోల్టు సగం వదులు చేసేసరికి తెల్లటి నురగ బుసబుసమంటూ వచ్చింది. కాసేపటికి నురగ పోయి బుడగలు, బుడగలు కూడా పోయి పలచటి పసుపు రంగు డీజిల్ ధార కట్టింది. ధార నడుస్తుండగానే బోల్టు బిగించాలి. చెయ్యి ఆపాక బిగిస్తే అంత కష్టమూ వృథా, గాలి మళ్లీ లోపలికి పోతుంది. ఫిల్టర్ అయ్యాక పంపు మీది రెండు స్క్రూలు, చివరగా నాజిళ్లకు వెళ్లే పైపుల నట్లు. ఆ నట్లు వదులు చేసి ఉంచితే, మేస్త్రీ గారు లోపల కూర్చుని సెల్ఫ్ కొట్టారు. నాలుగు నట్ల దగ్గరా డీజిల్ చిమ్మడం చూసి అమ్మాయి వరసగా బిగించుకుంటూ వచ్చింది. "హీటర్ పెట్టు తాతయ్యా" అంది. కాసేపు ఆగి ఆయన మళ్లీ సెల్ఫ్ కొట్టారు. ఒక సిలిండర్ అందుకుంది, తర్వాత రెండోది, ఆ తర్వాత నాలుగూ కలిసి టకటకలాడాయి. తెల్ల పొగ ఒక్కసారి గుప్పున వచ్చి తేలిపోయింది.

ఈ ఇంజిన్ 1489 సీసీ. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ల డిజైను, పుట్టించే శక్తి 37 హార్స్ పవర్. మన దేశంలో తయారైన తొలి డీజిల్ కారు అంబాసిడరే అంటారు. ఇప్పటి మామూలు బైకులు కొన్ని దీని శక్తిని మించిపోయాయి. అయితే 37 హార్స్ పవర్‌తో టన్నుకు పైబడిన బండిని లాగే ఈ ఇంజిన్‌లో కంటికి కనబడని పని ఒక్కటీ లేదు. స్పార్క్ ప్లగ్గులు లేవు, కాయిల్ లేదు, కంప్యూటర్ అంతకన్నా లేదు. సిలిండర్‌లో గాలిని ఇరవై వంతులకు పైగా కుదిస్తే అది వందల డిగ్రీలు వేడెక్కుతుంది, అందులోకి సన్నటి తుంపరగా డీజిల్ పడితే దానంతట అదే అంటుకుంటుంది. చల్లటి పొద్దున గాలి చాలినంత వేడెక్కదు కనక హీటర్ ప్లగ్గులు సాయం చేస్తాయి. ఆపాలంటే తాళం తిప్పితే సరిపోదు. ఒకసారి పట్టుకున్న ఇంజిన్‌కు కరెంటుతో పనిలేదు. స్టాప్ నాబ్ లాగి డీజిల్ ఆపితేనే అది ఆగుతుంది.

ఇంట్లో పెట్టుకుని బాగుచేసుకోగలగడానికి కారణం ఇదే. లోపం ఎక్కడుందో బండే చెబుతుంది, వినే చెవి ఉండాలి. ఒక్కో నాజిల్ నట్టు వదులు చేసి చూస్తే ఏ సిలిండర్ పనిచేయడం లేదో శబ్దంలోనే తెలిసిపోతుంది. నల్ల పొగ వస్తే గాలి చాలడం లేదనో, డీజిల్ ఎక్కువ పడుతోందనో అర్థం. మేస్త్రీ గారు ముందు ఎయిర్ ఫిల్టర్ చూస్తారు, అది అన్నిటికన్నా చవకైన తనిఖీ గనక. నీలం పొగ అయితే ఇంజినాయిల్ కాలుతున్నట్టు. హీటర్ ప్లగ్గు బతికుందో లేదో చూడడానికి మీటరు కూడా అక్కర్లేదు. ప్లగ్గుల్ని కలిపే పట్టీ విప్పి, బ్యాటరీ పాజిటివ్‌కీ ప్లగ్గు తలకీ మధ్య టెస్ట్ ల్యాంప్ పెడితే చాలు. బల్బు వెలిగితే ప్లగ్గు బాగున్నట్టు.

ఇంజిన్ చల్లబడ్డాక టాపెట్లు చూద్దామన్నారు. నాకు అన్నిటికన్నా నచ్చిన పని అది. నాలుగు సిలిండర్లకు ఎనిమిది వాల్వులు. ఒక వాల్వు గ్యాప్ చూడాలంటే అది పూర్తిగా మూసుకుని ఉండాలి. ఎప్పుడు మూసుకుని ఉంటుందో ఎలా తెలుసుకోవడం? "తొమ్మిది లెక్క అంకుల్" అంది ఆ అమ్మాయి. ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది సెట్ చేయాలి. ఆరోది తెరుచుకుంటే మూడోది. ఎప్పుడూ మొత్తం తొమ్మిది రావాలి. వాల్వుల వరస ఇటు నుంచి చూసినా అటు నుంచి చూసినా ఒకేలా ఉండడం వల్ల ఈ లెక్క కుదురుతుంది. అలా లేని ఇంజిన్లకు పనికిరాదని కూడా ఆ పిల్లే చెప్పింది. ఫీలర్ గేజ్ రేకు గ్యాప్‌లోకి దూర్చి లాగుతూ, మరీ వదులుగానూ కాకుండా మరీ పట్టేసినట్టూ కాకుండా ఆడేదాకా స్క్రూ తిప్పింది. లాక్ నట్టు బిగించాక మళ్లీ రేకు పెట్టి చూసింది. నట్టు బిగించేటప్పుడు స్క్రూ కాస్త తిరిగి గ్యాప్ మారిపోతుంది, అందుకని రెండోసారి చూడాల్సిందే. తాతగారు పక్కన స్టూలు మీద కూర్చుని, ఒక్కసారి కూడా చెయ్యి పెట్టకుండా చూస్తున్నారు. క్లాసులో చెప్పేదానికీ చేతికి తెలిసేదానికీ మధ్య ఇలాంటి షెడ్లు ఉండాలనిపించింది. ప్రతి పాలిటెక్నిక్ పక్కనా ఒకటి ఉండాలి.

ఇంట్లో చేయకూడని పని కూడా ఒకటుంది, డీజిల్ పంపు. దాన్ని విప్పడానికి మేస్త్రీ గారు ఒప్పుకోరు. మర్నాడు దాని పని మీదే విజయవాడ ఆటోనగర్‌కు ఆయనతో పాటు నేనూ వెళ్లాను. ఆ కారు పంపు ఈమధ్య షాఫ్ట్ దగ్గర డీజిల్ కారుతోందని దించి, అక్కడి పంపు మెకానిక్‌కి ఇచ్చారట. ఇంటి దగ్గర బండికి తాత్కాలికంగా స్పేర్ పంపు ఎక్కించారు.

పంపు రిపేరు గదిలో మిగతా ఆటోనగర్ మోత, దుమ్ము రెండూ ఉండవు. తలుపు మూసే ఉంచుతారు. లోపలి భాగాల మధ్య సందు వెంట్రుకలో ఎన్నో వంతు, దుమ్ము కణం పడినా గీత పడుతుంది. ఈ రకం రోటరీ పంపుకు ఇంజినాయిల్ అందదు, డీజిలే దానికి కందెన. అందుకే నీళ్లు కలిసిన డీజిల్ పడితే మొదట పాడయ్యేది పంపే. పంపు ఇప్పుడు కారడానికి కారణం మాత్రం వేరన్నాడు మెకానిక్. ఒకప్పుడు మన డీజిల్‌లో గంధకం వేల పీపీఎం లెక్కన ఉండేది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా 10 పీపీఎం మించకూడదు. గాలికి అది ఎంతో మేలు. అయితే గంధకం తీసే క్రమంలో డీజిల్‌కు సహజంగా ఉండే జిడ్డు గుణం తగ్గుతుంది, దానికోసం రిఫైనరీల్లో వేరే పదార్థం కలుపుతారు. డీజిల్ స్వభావం మారేసరికి పాత రకం రబ్బరు సీళ్లు కుంచించుకుపోయి కారడం మొదలవుతుంది. ఇప్పుడు వేసేవి విటాన్ సీళ్లు, అవి తట్టుకుంటాయి.

సీళ్లు మార్చిన పంపును బెంచి మీద ఎక్కించి మోటారుతో తిప్పాడు. నాలుగు పైపుల్లోంచి వచ్చే ఆయిల్ నాలుగు గాజు గొట్టాల్లో పడుతుంది. మట్టాలు నాలుగూ సమానంగా లేచేదాకా వదల్లేదు. నాజిళ్లను మరో చోట చేతిపంపుకు బిగించి తుంపర ఎలా పడుతోందో చూశారు. నేను కాస్త ముందుకు వంగగానే మేస్త్రీ గారు భుజం పట్టుకుని వెనక్కి లాగారు. ఆ తుంపర చర్మాన్ని చీల్చుకుని ఒంట్లోకి పోతుంది. పైకి చిన్న చుక్కంత గాయమే కనబడుతుంది, లోపల కండ చచ్చిపోతుంది. అలాంటి గాయమైతే నొప్పి లేకపోయినా ఆ క్షణమే ఆస్పత్రికి పరుగెత్తాలి.

అక్కడే ఇంకో కారు వచ్చి ఆగింది. ఓనరు కుర్రాడు పికప్ పెంచమన్నాడు. అంటే పంపుకున్న సీసం సీలు తెంచి, డీజిల్ ఎక్కువ పడేలా స్క్రూ తిప్పమని. పాత డీజిల్ కార్లకు చేసే మార్పుల్లో అన్నిటికన్నా చవకైనదీ, నా దృష్టిలో అన్నిటికన్నా చెడ్డదీ ఇదే. పంపు డీజిల్ పెంచుతుంది, గాలిని ఎవరు పెంచుతారు? కాలకుండా మిగిలిన డీజిల్ మసిగా మారి వెనకవాళ్ల ఊపిరితిత్తుల్లోకి, సిలిండర్ గోడల మీదికి, ఇంజినాయిల్‌లోకి చేరుతుంది. మెకానిక్ ఆ పని చేయనని మర్యాదగా చెప్పి పంపేశాడు. ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

మార్పులకు మేస్త్రీ గారు వ్యతిరేకం కాదు. ఆయన కారుకు ఫీడ్ పంపు కంటే ముందు, నీళ్లు వేరయ్యే గాజు బుడ్డి ఒకటి బిగించారు. హెడ్‌లైట్లకు రిలేలు పెట్టారు. స్విచ్చి గుండా సన్నటి వైర్లలో పోయే కరెంటు ఇప్పుడు బ్యాటరీ నుంచి నేరుగా అందుతోంది, అవే బల్బులు బాగా వెలుగుతున్నాయి. ఇంజిన్ వేడెక్కితే మోగే బజరు ఉంది. ముందు సీట్లకు భుజం మీదుగా వచ్చే బెల్టులు ఉన్నాయి. వీటిలో బెల్టులు తప్ప ఏదైనా గంటలో విప్పి పాత స్థితికి తేవచ్చు. మార్పంటే బండి అసలు పనికి సాయపడాలి, మళ్లీ వెనక్కి తిప్పుకునేలా ఉండాలి. ఆయన పద్ధతి నాకు సరైనదనిపించింది.

ఒకప్పుడు ట్యాక్సీవాళ్లు అంబాసిడర్లకు మటడార్ ఇంజిన్లు ఎక్కించేవారు. లాగుడు పెరిగేది, దానికి తగ్గట్టు బ్రేకులు మాత్రం మారేవి కావు. చట్టం కూడా ఇప్పుడు స్పష్టంగా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన ప్రమాణాలకు భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అరిగిపోయిన ఇంజిన్ తీసి అదే రకం ఇంజిన్ వేసుకోవాలన్నా రవాణా శాఖ అనుమతి కావాలి. అందుకే ఆయన విడి భాగాల కోసమే తిరుగుతారు. ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. దొరకనివి కలకత్తా మల్లిక్ బజార్ నుంచి తెప్పిస్తారు, అక్కడా లేకపోతే ఆటోనగర్‌లో లేత్ మీద చేయిస్తారు. కమాను కట్టల బుష్‌లు అలా చేయించినవే.

షెడ్డులో ఒక మూల క్యాన్లు వరసగా ఉన్నాయి. కాలిన ఆయిల్‌ను పల్లెల్లో దూలాలకూ గుంజలకూ చెద పట్టకుండా పూస్తారు, మిగిలింది కాలవ గట్టునో ఎక్కడో పారబోస్తారు. ఆ కాలవ నీళ్లే పొలాలకు పోతాయి. ఆయన ప్రతి చుక్కా క్యాన్లలో పట్టి ఉంచి, రీసైక్లింగ్‌కు తీసుకునేవాళ్లకు ఇస్తారు. ఇంట్లో బండి బాగుచేసుకునేవాళ్లందరికీ ఇది అలవాటు కావాలి. స్పానర్ పట్టడం కంటే ముందు నేర్చుకోవాల్సింది ఇదే అంటాను.

ఇక ముందున్నది 2027లో రిజిస్ట్రేషన్ రెన్యువల్. సొంత కారుకు పదిహేనేళ్ల తర్వాత అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవాలి. 2022 ఏప్రిల్‌లో ఆ రుసుమును 600 రూపాయల నుంచి 5000 రూపాయలకు పెంచారు. పాత బండిని ఉంచుకోవడం ఖరీదైన వ్యవహారమే, అది న్యాయమేనంటారు మేస్త్రీ గారు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టే బండి నిజంగా బాగుండాలి గానీ బాగున్నట్టు కనబడితే చాలదు. డ్రైవర్ సీటు కింద ఫ్లోర్ రేకు తుప్పు పట్టింది. మ్యాటు ఎత్తి స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే రేకు అవతలికి దిగింది. పైన పుట్టీ కొట్టి రంగేస్తే ఎవరికీ తెలియదు. వీళ్లు ఆ ముక్క కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాలని టింకరింగ్ మేస్త్రీకి కబురు పెట్టారు. కొయ్యాల్సినంత మేర అమ్మాయి సుద్దతో గీత గీసింది. మేస్త్రీ గారు స్క్రూడ్రైవర్‌తో అంచు వెంబడి మళ్లీ పొడుచుకుంటూ వెళ్లి, గీత ఇంకో జానెడు అవతలికి జరపమన్నారు.