పదిహేడు అంగుళాల మోజు

స్పోర్ట్స్ కారు కొనే స్తోమత లేనివాడు చేసే మొట్టమొదటి పని, ఉన్న కారుకి చక్రాలు మార్చడం. నవ్వకండి, నేనూ అదే చేశాను.

నాది 2018 స్విఫ్టు, మధ్య రకం. దాంతో వచ్చేవి 165/80 ఆర్14 టైర్లు, ఇనప రిమ్ములు, పైన ప్లాస్టిక్ మూతలు. పక్కనుంచి చూస్తే బండి కింద నాలుగు బిస్కెట్లు పెట్టినట్టుంటుంది. ఇదే స్విఫ్టుకి జపాన్లో స్విఫ్ట్ స్పోర్ట్ అని ఒక అన్న ఉన్నాడు. మన దేశంలో సుజుకీవాళ్ళు వాణ్ణి ఎప్పుడూ అమ్మలేదు. వాడి కాళ్ళకి 195/45 ఆర్17. ఆ ఫోటోలు చూసీ చూసీ నాకు నిద్ర పట్టడం మానేసింది. ఆ చక్రాలే తెప్పించుకుందామంటే, వాడికి అయిదు బోల్టులు, మనకి నాలుగు. మన హబ్బు మీద బోల్టులు 100 ఎంఎం వలయంలో ఉంటాయి, వాడికి 114.3. ఆ దారి అక్కడితో మూసుకుపోయింది.

సాఫ్టువేరు వాణ్ణి కదా, వెంటనే ఎక్సెల్ తెరిచాను. లెక్క చాలా తేలిక. 165 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 అంటే పక్క గోడ ఎత్తు, ఆ వెడల్పులో ఎనభై శాతం, అంటే 132 ఎంఎం. 14 అనేది రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. ముగ్గురూ మూడు రకాల కొలతలు మాట్లాడతారు, ఎవరు కనిపెట్టారో మహానుభావుడు! పద్నాలుగు అంగుళాలు 355.6 ఎంఎం, దానికి పైనా కిందా గోడలు కలిపితే మొత్తం చక్రం 619.6. ఈ మొత్తం మారకపోతే స్పీడోమీటరు అబద్ధం చెప్పదు. 205/45 ఆర్17 వేసి చూశాను, 616.3 వచ్చింది. తేడా అర శాతం. ఇంకేం కావాలి? హైదరాబాదులో ఒక షాపుకి పోయి, అరవై వేలు పైచిలుకు వదిలించుకుని, ఇంట్లో మాత్రం నలభై అని చెప్పాను.

షాపు కుర్రాడు స్టీరింగు ఈ చివరినుంచి ఆ చివరికి తిప్పి చూపించాడు. ఎక్కడా తగల్లేదు. "సూపర్ సెట్టయింది సార్" అన్నాడు. నిజంగానే సెట్టయింది, బండిలో నేనొక్కణ్ణే ఉన్నంతకాలం.

శివరాత్రికి వారం ముందు ఊరెళ్ళాను. మాది నరసరావుపేట పక్కన. తిరునాళ్ళ నాడు ఆ జనంలో కారు నడపడం నా వల్ల కాదు కాబట్టి, ముందే కోటప్పకొండకి తీసుకెళ్ళమని అమ్మ ఎప్పటినుంచో అడుగుతోంది. పేట నుంచి కొండకి పట్టుమని పదిహేను కిలోమీటర్లు కూడా లేదు. నేను ముందు, నాన్న నా పక్కన, వెనక అమ్మ, అత్తయ్య, బాబాయి. డిక్కీలో కొబ్బరికాయల సంచీ, నీళ్ళ డబ్బా, అత్తయ్య పులిహోర గిన్నె.

దారిలో ఒక ఊళ్ళో ప్రభ కడుతున్నారు. తెలియనివాళ్ళకి చెప్పాలంటే, బండి మీద వెదుళ్ళతో కట్టే మహా గోపురం లాంటిది, తిరునాళ్ళకి ఎనభై, తొంభై అడుగుల దాకా లేపుతారు. ఒంటినిండా కరెంటు దీపాలు, వెనక జనరేటరు. పడిపోకుండా నాలుగువైపులా మోకులు పట్టుకుని నడుస్తారు. ఒకప్పుడు ఎడ్లు లాగేవి, ఇప్పుడు ఎక్కువగా ట్రాక్టర్లు. నాన్న వయసులో ఉండగా మా ఊరి ప్రభకి మోకు పట్టినవాడు. బండి ఆపమని, దిగి, పది నిమిషాలు అక్కడే నిలబడ్డాడు. ఆయన ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు, కింద బండి చుట్టూ తిరిగి ఇరుసే చూస్తున్నాడు. అప్పుడు నాకది వింతగా అనిపించింది.

త్రికూటం దగ్గరయ్యేకొద్దీ అమ్మ మూడు శిఖరాలకీ దణ్ణం పెడుతూనే ఉంది. ఘాట్ రోడ్డెక్కాం. ఒక మెలికలో, చిన్న గతుకు మీద, వెనకనుంచి "బర్ర్ర్" మంది.

"ఏందిరా ఆ సప్పుడు?" అన్నాడు నాన్న.

"ఏం లేదు నాన్నా, కొత్త టైర్లు."

తరవాతి మెలికలో మళ్ళీ బర్ర్ర్. ఈసారి కాస్త ఎక్కువసేపు, కాలిన రబ్బరు వాసనతో సహా. పక్కన లోయ, వెనక ముగ్గురు పెద్దవాళ్ళు, నా చేతులు తడిసిపోయాయి. ఎక్కడా ఆపడానికి జాగా లేదు. అలాగే నత్తలా పైదాకా ఎక్కించి, పార్కింగులో దిగి చూస్తే, వెనక ఎడమ టైరు భుజం మీద బొటనవేలంత వెడల్పున చెక్కేసినట్టు గాడి. ఫెండరు లోపలి అంచు కత్తిలా కోసింది.

అమ్మావాళ్ళు దర్శనానికి వెళ్ళారు, నేను వెళ్ళలేదు. కోటప్పకొండ మీద కాకులు వాలవంటారు కదా, నాకూ ఒక్కటీ కనపడలేదు. కోతులు మాత్రం పులిహోర కోసం నా కారు చుట్టూ చేరాయి. వాటి మధ్యన కూర్చుని, ఫోనులో మళ్ళీ లెక్క వేశాను. ఈసారి అసలు లెక్క.

నేను కొలిచింది చక్రం ఎత్తు. కొలవాల్సింది అది పక్కకి ఎంత జరిగిందన్నది. రిమ్ము వెడల్పు 5 అంగుళాల నుంచి 7 అయిందనుకోండి, చెరోపక్కా ఒక అంగుళం, అంటే 25.4 ఎంఎం పెరుగుతుంది. దాని పైన ఆఫ్‌సెట్ అని ఒకటుంది, హబ్బుకి ఆనే ముఖం రిమ్ము నడిమధ్యనుంచి ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె, ఈటీ అని పోత పోసి ఉంటుంది. అది 45 నుంచి 35కి తగ్గితే మొత్తం చక్రం ఇంకో 10 ఎంఎం బయటికి వస్తుంది. వెరసి బయటి అంచు 35 ఎంఎం ముందుకి, లోపలి అంచు 15 ఎంఎం లోపలికి. ఖాళీ బండిలో ఆ 35కీ చోటుంటుంది. వెనక ముగ్గురు కూర్చుని స్ప్రింగులు కుంగి, వంపులో బండి ఒక పక్కకి ఒరిగితే, ఫెండరే దిగొచ్చి టైరు మీద కూర్చుంటుంది.

ఇంకోటి కూడా అప్పుడే చూశాను. టైరు మీద వెడల్పు పక్కన లోడు అంకె ఉంటుంది. పాతదాని మీద 85, అంటే ఒక్కో టైరు 515 కిలోలు మోస్తుంది. నేను వేయించిన ఖరీదైనదాని మీద 84, 500 కిలోలు. వెడల్పు పెంచి, డబ్బు పెంచి, మోసే బలం తగ్గించుకున్నాను.

నాన్న ప్రసాదంతో వచ్చి, వంగి, ఆ గాడిలో వేలు పెట్టి చూశాడు. తిట్టలేదు.

"ఖాళీ బండి మీద సూసుకున్నావా, బరువేసి సూసుకున్నావా?"

నేను మాట్లాడలేదు.

"ప్రభ లేపి, మనుషులెక్కినాక బండి ఎంత కుంగుద్దో సూసుకునే కదిలిచ్చేవాళ్ళంరా మేము" అన్నాడు. అని, అమ్మనీ మిగతావాళ్ళనీ తీసుకుని, కిందికి పోయే ఆటో మాట్లాడుకోవడానికి వెళ్ళాడు. కొడుకు కారులో కొండకి వచ్చామని నలుగురికీ చెప్పుకున్న మనిషి ఆటోలో దిగాడు. నేను ఒంటరిగా కారు దించుకుంటూ వచ్చాను. అవే మెలికలు, అవే గతుకులు, ఎక్కడా చప్పుడు లేదు. తిరిగి ఒక్కసారైనా బర్రుమంటే బావుణ్ణనిపించింది.

మర్నాడు పేటలో టైర్ల షాపాయన ఫెండరు అంచు సుత్తితో మడిచేస్తానన్నాడు. అది స్పోర్ట్స్ కార్లవాళ్ళు నిజంగానే చేసే పనే, కానీ ఫెండరు మడిస్తే 84 కాస్తా 85 అవదు కదా. వద్దన్నాను. ఇదే కారు పై రకానికి కంపెనీవాళ్ళే ఇచ్చే 185/65 ఆర్15 వేయించాను. లెక్క కావాలంటే, 621.5. అందం సంగతి అడక్కండి.

పదిహేడు అంగుళాలవి అమ్మకానికి పెడితే ఒక కుర్రాడు వచ్చాడు. వాడిదీ స్విఫ్టే. గాడి పడ్డ టైరు చూపించి, జరిగింది చెప్పి, "వెనక ఎవరైనా కూర్చుంటారా?" అని అడిగాను.

"లేదంకుల్, నేనొక్కణ్ణే" అన్నాడు.

వాడి కారులో వెనక సీటు మీద పసిపిల్లల సీటు బిగించి ఉంది. చక్రాలు వాడికివ్వలేదు. ఇప్పటికీ మా బాల్కనీలో ఉన్నాయి, మా ఆవిడ వాటి మీద కుండీలు పెట్టింది. అసలు ధర ఎంతో ఇంకా తెలీదు.