బెల్టు బిగువు

మా ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున ఓ తెగిన బెల్టు ముక్క ఉంది. రెండు పక్కలా నున్నగా, అద్దంలా మెరుస్తూ ఉంటుంది. మొన్న మా అబ్బాయి దాన్ని చూసి "అబ్బా, ఇది పారేయనా?" అనడిగాడు. "వద్దు బేటా, అది నా ఖర్జా" అన్నాను. చెప్పమని పట్టుబట్టాడు. చెప్పాను.

1996లో ఐటీఐ పూర్తిచేసి ఓ మిల్లులో ఫిట్టర్ హెల్పరుగా చేరాను. మా మొహల్లా చాచాయే నాకు ఉస్తాద్. బురదనీళ్లు తోడే పంపు ఆయన జిమ్మేదారీ. మోటారు నుంచి పంపుకి నాలుగు వీ-బెల్టులు.

"బెల్టు గాడి అడుగున కూర్చోకూడదు బేటా. రెండు పక్కలా ఇరుక్కుని పట్టుకోవాలి. ఆ పట్టులోనే తాఖత్ అంతా" అనేవాడు. రెండు పుల్లీల మీదా బద్ద పెట్టి, బెల్టు మధ్యలో చిన్న స్ప్రింగు కాటాతో నొక్కి చూపించేవాడు. కంపెనీ పట్టీలో రాసిన బరువుతో నొక్కితే మీటరు దూరానికి 16 మిల్లీమీటర్లు దిగాలి. "వదులైతే బెల్టు చస్తుంది. బిగువెక్కువైతే బేరింగు చస్తుంది."

ఓ రాత్రి చాచా కూతురి రిష్తా మాటలకని వెళ్లాడు. షిఫ్టులో నేనొక్కణ్నే. పంపు కీచుమని అరవడం మొదలెట్టింది, నీళ్లు తగ్గాయి. మోటారు ఆపి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నాను. అంతవరకు చాచా నేర్పిందే. ఆ తర్వాత మోటారు వెనక బోల్టు తిప్పుతూనే పోయాను. బెల్టులు తీగల్లా బిగుసుకున్నాయి. అరుపు ఆగింది. నా అంత హోషియార్ లేడనుకున్నాను.

ఫజర్ అజాన్ వేళకి పంపు బేరింగు మీద చెయ్యి పెట్టలేకపోయాను. కాసేపటికే పట్టేసింది. గుంత పొంగి బురద షెడ్డంతా పారింది. విప్పి చూస్తే పుల్లీ వైపు బేరింగు నీలంగా మారిపోయింది.

"ఎవరు బిగించారు?" అని ఇంజనీరు సాబ్ అడిగాడు. నా నాలుక కదల్లేదు. చాచా బెల్టుల్ని చూశాడు, గ్రీజు అంటిన నా చేతుల్ని చూశాడు. "సాయంత్రం పోతూ నేనే బిగించాను సాబ్" అన్నాడు. మూడు రోజుల కూలీ కోశారు. ఇంట్లో షాదీ పెట్టుకున్న మనిషికి! నేను ఖామోష్‌గా నిలబడ్డాను.

చాచా గుస్సా చేయలేదు. కొత్త బేరింగు వేశాక నాలుగు బెల్టులూ నాచేతే మార్పించాడు. ఒక్కటి మారిస్తే కొత్తదాని మీదే బరువంతా పడుతుందట. గడ్డపారతో ఎక్కించనివ్వలేదు. మోటారు ముందుకి జరిపించి చేత్తో వేయించాడు. పుల్లీలు ఒకే వరసలో ఉన్నాయో లేదో దారం లాగి చూపించాడు. కొత్త బెల్టు సాగుతుందని మర్నాడు మళ్లీ కొలిపించాడు. చివరికి పాత బెల్టు ముక్క ఒకటి కోసి నా చేతిలో పెట్టాడు.

"ఈ మెరుపు చూశావా? జారిజారి ఇలా అయింది. ఇలాంటిది ఎంత బిగించినా సరిగా పట్టదు, మార్చాల్సిందే. ఇది నీకు నేను చెప్పలేదు. అందుకే గల్తీ నాదే."

నా గల్తీ నేను ఒప్పుకోలేదన్న షరమ్ మాత్రం ఇన్నేళ్లూ పోలేదు. మా వీధి పిండిమర బెల్టు కీచుమన్నా ఆ పొద్దు గుర్తొస్తుంది.

"అయితే ఇప్పుడు చెప్పు అబ్బా" అన్నాడు మావాడు.

ఆదివారం వాణ్ని వెంటబెట్టుకుని వెళ్లాను. చాచాకి చెవులు సరిగా వినబడటం లేదు. గట్టిగా, ఇంట్లో అందరికీ వినబడేలా చెప్పి, మాఫీ అడిగి, డబ్బులున్న కవరు ఆయన ముందు పెట్టాను. ఆయన బెల్టు ముక్కని బొటనవేలితో రుద్దుతూ నవ్వాడు. కవరు తీసి మావాడి జేబులో పెట్టాడు.

"ఈదీ" అన్నాడు.

ఈద్‌కి ఇంకా రెండు నెలలుంది.