స్లోలో ఆగిపోయే జీపు

దసరా సెలవులకు ఊరెళ్తే మా మామ డీజిల్ జీపు మొరాయిస్తోంది. ఆక్సిలరేటర్ తొక్కినంతసేపూ బాగానే నడుస్తుంది. కాలు తీసి క్లచ్ నొక్కితే వణికి ఆగిపోతుంది. పాడేరు ఘాట్ మలుపుల్లో అలా ఆగితే ఏం కావాలి? మా ఊరి గర్భిణీలను ఆసుపత్రికి దించేది ఆ బండే.

"స్క్రూ తిప్పి స్లో పెంచెయ్ అన్నా" అన్నాడు ఇంకో డ్రైవరు. "అది రోగాన్ని దాచడమే తమ్ముడూ" అన్నాడు మామ.

ముందు డీజిల్ ఫిల్టర్ మార్చాం. తగ్గలేదు. మామ ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేశాడు, నేను హ్యాండ్ పంపు కొట్టాను. డీజిల్‌తో పాటు బుడగలు! గాలి ఎక్కడిది? ట్యాంకు నుంచి పంపు డీజిల్‌ని పీల్చుకుంటుంది. ఆ దారిలో గొట్టం చీలితే డీజిల్ బయటికి కారకపోయినా గాలి లోపలికి పోతుంది. చిల్లున్న బొప్పాయి గొట్టంతో నీళ్లు పీల్చి చూడండి, తెలుస్తుంది. స్లోలో ఇంజనుకి అందే డీజిలే కొంచెం, అందులో గాలి కలిస్తే ఆగిపోదా?

వెతికితే క్లిప్పు కింద రబ్బరు గొట్టం చీలి ఉంది. కొత్త ముక్క వేసి, బుడగలు పోయేదాకా పంపు కొట్టి, స్క్రూ బిగించాం. అరగంట స్లోలో ఉంచినా ఆగలేదు.

మూడో రోజు అర్ధరాత్రి నొప్పులతో ఉన్న ఒక అక్కని మామ అదే జీపులో దించాడు. ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం.