మూడో నిబంధన

గోషా అంటే పరదా. హైదరాబాదులో గోషామహల్ ఒక పేట పేరైపోయింది కాబట్టి ఆ మాట దగ్గర ఎవరూ ఆగరు. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి ప్యాసింజరెక్కి కోఠీ విమెన్స్ కాలేజీకి వచ్చి చదువుకున్న రోజుల్లో నేనూ ఆగలేదు. అక్కడి బారాదరిని తానీషా కాలంలో అంతఃపుర స్త్రీల కోసం కట్టారంటారు. 1872లో అది ఫ్రీమేసన్ల లాడ్జి అయింది. మూలమట్టం, కంపాసు గుర్తులుగా పెట్టుకున్న మగవాళ్ల సంఘం అది. ఆడవాళ్ల ఇంట్లో ఆడవాళ్లకు సభ్యత్వం లేదు!

ఈమధ్య ఈ మేసన్ల చరిత్ర చదివాను. 1723లో లండన్‌లో అచ్చయిన ఆండర్సన్ నియమావళి బానిసలనూ స్త్రీలనూ ఒకే వాక్యంలో బయట పెట్టింది. బయట ఉన్నవాళ్లు ఊరుకుంటారా? బోస్టన్‌లో ప్రిన్స్ హాల్ అనే నల్లజాతి మనిషి తనవాళ్లతో లాడ్జి పెట్టాడు. 1784లో లండన్ నుంచే అనుమతిపత్రం తెచ్చుకున్నాడు. అయినా ఆ పరంపరలోని మసాచుసెట్స్ గ్రాండ్ లాడ్జిని ఇంగ్లండు గుర్తించింది 1994లో. పుట్టుకతో స్వతంత్రుడై ఉండాలన్న షరతును మాత్రం 1847లోనే సడలించారు. స్త్రీల మాట కదల్లేదు.

1882లో పారిస్ దగ్గర ఒక లాడ్జి మరియా దెరేమ్ అనే స్త్రీవాదిని చేర్చుకుంది. అంతే, ఆ లాడ్జికే వేటు పడింది. 1893లో ఆమె, జార్జ్ మార్తాఁ కలిసి స్త్రీపురుషులిద్దరికీ చోటున్న సంఘం పెట్టారు. మనకు థియోసాఫికల్ సొసైటీ ద్వారా తెలిసిన అనీబిసెంట్ 1902లో అందులో చేరి ఇంగ్లండుకూ, ఆపైన మన దేశానికీ తెచ్చింది. 1908లో అందులోంచి కొందరు విడిపోయారు. వాళ్లలోంచి మళ్లీ కొందరు. చివరికి అవి స్త్రీల సంఘాలుగానే మిగిలాయి. 1999లో ఇంగ్లండు గ్రాండ్ లాడ్జి వాటి గురించి ఒక ప్రకటన చేసింది. దాని సారాంశం: స్త్రీలను చేర్చుకోవడం తప్ప వీటి పద్ధతిలో తప్పేమీ లేదు. నవ్వొచ్చింది. గుర్తింపు మాత్రం ఇవ్వలేదు.

నన్ను ఆపింది మరొకటి. గుర్తింపు కోసం రెండు వందల ఏళ్లు తల్లడిల్లిన ప్రిన్స్ హాల్ లాడ్జీల్లో కూడా మగవాళ్లే సభ్యులు.

అక్కడ పుస్తకం మూశాను. మా ఊళ్లో ఏడుగురం ఆడవాళ్లం రచయిత్రుల బృందం పెట్టుకున్నప్పుడు, ఒక పెద్ద సంఘం మమ్మల్ని శాఖగా ఒప్పుకోలేదు. “కాలక్షేపం కూటమి” అన్నారట. ఎంత ఏడ్చామో! ఆ ఏడాదే మేస్త్రీ దగ్గర తట్టలు మోసే ఒకామె మా గది గుమ్మంలో నిలబడింది.

“నేను గూడ కూసుంటనమ్మా. బతుకమ్మ పాటలు కడ్త.”

“రాసినవి తీస్కరా అక్కా” అన్నాం. ఆమెకు రాయడం రాదని మాకు తెలుసు. మళ్లీ రాలేదు.

ఆ రిజిస్టరు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మొదటి పేజీలో మూడో నిబంధన: సభ్యురాలు రచయిత్రి అయి ఉండాలి. ఆ చేతిరాత నాది.